నీలంటోపీ కుర్రాడికి దిష్టి తీసిన శనివారం

ఒక మనిషి ఉద్యోగానికి చారెడు ఉప్పుతో, గుప్పెడు ఎండుమిరపకాయలతో ఎసరు పెట్టవచ్చునా అని ఎవరైనా అడిగితే, నిక్షేపంలా పెట్టవచ్చు, నేనే పెట్టాను అని చెబుతాను. అదీ పట్టపగలు, నా ఇంట్లో, నా టీవీ ముందు నిలబడి, లోకానికి మేలు చేస్తున్నాననుకుంటూ. ఆ శనివారం సంగతి ఎత్తితే మా ఆయనకు ఇప్పటికీ కాఫీ ముక్కులోకి పోతుంది. అందుకని ఆయన కాఫీ తాగడం అయ్యేదాకా ఆగి, ఇప్పుడు మొదలుపెడుతున్నాను.

నేను పుట్టింది మలేసియాలో, కొబ్బరితోటలో. మా తాత ఎప్పుడో విశాఖపట్నం వైపునుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. తోటబడిలో నాలుగో తరగతి చదివాను. అయిదో తరగతికి పంతులమ్మ లేదు, నాకు ఓపికా లేదు. పెళ్ళయ్యాక సింగపూరు వచ్చి టోవా పాయోలో ఫ్లాటులో కాపురం పెట్టాను. మా ఆయన బస్సు డ్రైవరు. మాకొకటే పిల్ల, లత. తెలుగులో తిడితే ఇంగ్లీషులో ఎదురు చెప్పే రకం.

కంప్యూటరు కుర్రాళ్ళు ఇండియానుంచి విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. పసర్‌లో, అంటే ఇక్కడి మార్కెట్టులో, వంకాయలు ఏరుతుంటే పక్కన ఎవరో “పుచ్చులున్నాయేమో చూడరా” అనేవాడు. తిరిగి చూస్తే మెడలో ఆఫీసు బిళ్ళ వేలాడేసుకున్న మన తెలుగు పిల్లాడు! నాకు ప్రాణం లేచి వచ్చేది. అలా వంకాయల దగ్గర దొరికినవాడే శ్రీధర్. గుంటూరు వాడు. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే అందులో దిగాడు. వారం తిరిగేసరికి నాకు కడుపున పుట్టని కొడుకైపోయాడు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ పిచ్చెక్కుతుందని, వాటికి ముందుగా వైద్యం చెయ్యాలని వాడిని పిలిపించారు. రాత్రీపగలూ చేశాడు పాపం. రెండువేలు వచ్చింది. ఏ కంప్యూటరుకీ జలుబైనా చెయ్యలేదు. తంటా అక్కడే వచ్చింది. రోగం లేనిచోట వైద్యుడితో ఏం పని? వాడి ఉద్యోగం కాగితం ఏప్రిల్‌తో అయిపోతుంది. పొడిగిస్తే ఉంటాడు, లేదంటే పెట్టె సర్దుకుని పోయి అమీర్‌పేటలో మళ్ళీ ఏదో కొత్త కోర్సుకు కూర్చోవాలి. ఉంచాలా పంపాలా అని పైవాళ్ళకు చెప్పవలసిన మనిషి టామ్ అనే అమెరికా ఆయన. శ్రీధర్‌కి పై అధికారి. తలుపుకు తల తగిలేంత పొడుగు.

ఆ టామ్ ప్రతి శనివారం ఉదయం మా ఇంట్లో ఉండేవాడు.

ఎందుకంటే బేస్‌బాల్. మా లత బళ్ళో సాఫ్ట్‌బాల్ ఆడేది. ఆ పిచ్చితో గోలపెట్టి ఆటల ఛానలున్న కేబులు పెట్టించింది. టామ్‌కి ఆఫీసు ఇచ్చిన ఇంట్లో ఆ ఛానలు లేదు. శ్రీధర్ మాటల్లో ఎప్పుడో “మా ఆంటీ ఇంట్లో వస్తుందండీ” అన్నాడట. అంతే, ఆ శనివారం పొద్దున్నే తన జట్టు నీలంటోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడ శుక్రవారం రాత్రి ఆడే ఆట మనకు శనివారం ఉదయం కనబడుతుంది. పెసరట్ల వేళకు సరిగ్గా సరిపోతుంది. మూడు పెసరట్లు తిని, నాలుగోది చేత్తో పట్టుకుని, “ఆంటీ, ఇది మా దేశంలో స్టేడియంలో అమ్మాలి” అన్నాడు. ఆ మాటతో నేనూ సగం నీలంటోపీనైపోయాను.

రెండో శనివారం క్యారొల్ కూడా వచ్చింది. ఆమెదీ అదే ఆఫీసు, టామ్‌కి సమానమైన ఉద్యోగం. ఆమెది ఎర్రటోపీ. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే, తోటలో కొళాయి దగ్గర బిందెల తగాదా గుర్తొచ్చేది నాకు. వాళ్ళు అన్నది ఇంగ్లీషులోనే. శ్రీధర్ నాకు విప్పి చెప్పిన తెలుగులో చెబుతున్నాను.

“ఈ ఏడు కప్పు మాదే” అనేవాడు టామ్.

“కిందటేడూ అదే అన్నావు.”

“కిందటేడు మా బౌలరుకు భుజం నొప్పి.”

“అంతకుముందు ఏడు?”

“మోకాలు.”

“మీ తాత కాలంలో?”

“మా తాతను మధ్యలోకి లాగకు. ఆయన ఎదురుచూసి ఎదురుచూసి పోయాడు.”

సీజను మొదలై పది రోజులైనా కాలేదు. రెండు ఆటలు గెలిచినందుకే టామ్ అక్టోబరులో ఊరేగింపు ఏ వీధినుంచి ఏ వీధికో చెబుతున్నాడు. మూడు ఓడిన క్యారొల్ “ఇప్పుడే ఏమైంది, ఇంకా కళ్ళు తెరవని పిల్లలం” అంటోంది. నాకు ముచ్చటేసింది. ఆ వారమే మాకు ఉగాది వెళ్ళింది. కొత్త ఏడు మొదట్లో మా ఆయన కూడా ఇలాగే, ఈసారి పంచాంగంలో నా రాశికి అంతా రాజపూజ్యమే అని మీసం దువ్వుతారు. నెల తిరిగేసరికి ఎవరి మీసం ఎటు వాలుతుందో ఎవరికి తెలుసు!

నాకు ఆట తెలియదు కానీ అడగడానికి సిగ్గూ లేదు. చిన్నప్పటినుంచీ అంతే, ఏదైనా తెలియకపోతే నాలుక దురద పెడుతుంది.

“ఏటి శ్రీధరూ, ఆ పొట్టతాత కూడా ఆడతాడా? గుడ్డలు వేసుకుని కూర్చున్నాడు.”

“ఆడడు ఆంటీ, ఆయన మేనేజరు.”

“మేనేజరుకి ఆటగాడి గుడ్డలెందుకు? మీ టామ్ అలా వేసుకుని ఆఫీసుకి వస్తాడా?”

“ఊరుకోండి ఆంటీ, ఆయన వింటున్నాడు.”

“ఆ కుర్రాళ్ళు నములుతున్నదేటి, కిళ్ళీయా? మా తోటలో ముసలమ్మలు కూడా ఇంత ఉమ్మేవాళ్ళు కాదు.”

టామ్‌కి నా ప్రశ్నలంటే సరదా. ఒక్కొక్కటీ శ్రీధర్‌చేత చెప్పించుకుని పడీపడీ నవ్వేవాడు. లత ఇంట్లో ఉంటే ఆట విప్పి చెప్పేది. “అమ్మా, సింపుల్ లా! బాల్ కొట్టాలి, చుట్టూ పరుగెత్తాలి, హోమ్‌కి రావాలి.” ఎంత తిరిగినా ఇల్లు చేరితేనే లెక్క అన్నమాట. నాకది చాలా నచ్చింది. మా ఆయన బస్సు డ్యూటీ కూడా అంతే కదా!

ఇక ఆ శనివారం. లత బళ్ళో ప్రాక్టీసుకు పోయింది. ఆ పిల్ల ఆ పూట ఇంట్లో ఉండి ఉంటే నేనిది రాయవలసిన పనే ఉండేది కాదు. నీలంటోపీలకూ ఎర్రటోపీలకూ ఆ ఏడు మొదటిసారి పోటీ. అంతకన్నా ముఖ్యం, శ్రీధర్ సంగతి సోమవారం తేల్చాలి. “ఈరోజు ఆయన మంచి హుషారులో ఉన్నప్పుడు మెల్లగా అడిగేస్తాను ఆంటీ” అన్నాడు వాడు. “అడుగు నాయనా, నేను హుషారు సంగతి చూసుకుంటాను” అని పెసరట్లలో అల్లం, ఉల్లి, జీడిపప్పు కూడా వేశాను.

మొదట్లో అంతా మామూలే. కవ్వింపులూ నవ్వులూ. నీలంటోపీల తరఫున బంతి విసురుతున్నవాడు కొత్త కుర్రాడు. మీసమైనా సరిగా రాలేదు. టామ్‌ది, వాడిది ఒకే ఊరట. నేను వంటింట్లో అట్లు వేస్తూ వాళ్ళ మాటలు వింటున్నాను. సగం ఆట అయ్యేసరికి మాటలు తగ్గాయి. ఇంకాసేపటికి ఆగిపోయాయి. నేను అట్లకాడ పట్టుకునే తొంగి చూశాను.

అమ్మో! చావింట్లో కూడా అంత నిశ్శబ్దం ఉండదు. టామ్ కుర్చీ అంచున బిగుసుకుని ఉన్నాడు. చేతిలో అట్టు చల్లారి గొడ్డుతోలైపోయింది. క్యారొల్ రెండు పెదవులూ లోపలికి మడిచి, గోడమీద గడియారం చూస్తోంది. మా ఆయన పేపరు తీసుకుందామని లేవబోతే టామ్ భుజం పట్టి మళ్ళీ అక్కడే కూర్చోబెట్టాడు. మా ఇంట్లో మా ఆయనను కదలనివ్వడం లేదు!

శ్రీధర్‌ని సైగ చేసి వంటింట్లోకి పిలిచాను.

“ఏటన్నావురా ఆయన్ని?”

“నేనేమీ అనలేదు ఆంటీ! అడుగుదామని నోరు తెరిస్తే ఇలా చెయ్యి ఊపి, నోరు మూసుకోమన్నాడు.”

“అట్టులో ఉప్పెక్కువైందా?”

“అట్టు కాదు. ఆ బౌలరు కుర్రాడు బాగా వేస్తున్నాడు. అవతలివాళ్ళు ఒక్క బంతి కూడా సరిగా కొట్టలేకపోయారు.”

“బాగా వేస్తే సంతోషించాలి గానీ ఈ ఏడుపు ముఖాలేటి?”

“నాకూ అర్థం కావడం లేదు. మా క్రికెట్‌లో అయితే ఈపాటికి టపాకాయలు కాల్చేవాళ్ళు.”

ఆ జవాబుతో నా దురద ఎక్కడ తీరుతుంది? టీవీ దగ్గరకు పోయి చూశాను. ఎర్రటోపీల వరసలో అన్నీ సున్నాలే, దారానికి గుచ్చిన గారెల్లాగా. సరే, ఆ కుర్రాడు బంతి వేసి వచ్చి బల్లమీద కూర్చున్నాడు. చూద్దును కదా, తోటివాళ్ళంతా ఆ చివర ఒకరిమీద ఒకరు పడి ఇరుక్కుని కూర్చున్నారు గానీ ఒక్కడూ వీడి పక్కకు రాలేదు! పలకరించలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. పొట్టతాత కూడా ముఖం తిప్పుకుని పోయాడు. బల్ల ఈ చివర ఆ పిల్లాడొక్కడే, వెలివేసినట్టు.

“ఓలమ్మా, ఎంత కుళ్ళు!” అనుకున్నాను. మంచిగా ఆడుతున్నాడని సొంతవాళ్ళే ఓర్వలేకపోతున్నారు! ఇంతలో టీవీ వాళ్ళు జనంలో ఒకామెను చూపించారు. ఆ పిల్లాడి తల్లట. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళతో కూర్చుంది. చుట్టూ వేలమంది. వాళ్ళందరి కళ్ళూ ఆమె బిడ్డ మీదే.

మీరే చెప్పండి. ఒక తల్లిని చూశాను. బిడ్డ మీద అన్ని కళ్ళు పడటం చూశాను. సొంతవాళ్ళ ఓర్వలేనితనం చూశాను. ఆ తర్వాత ఉప్పుడబ్బా ఎక్కడుందో నాకు ఒకరు చెప్పాలా? లత పుట్టిన దగ్గరనుంచీ, అది బళ్ళో బహుమతి తెచ్చిన ప్రతిసారీ దిష్టి తీసిన చెయ్యి నాది. ఆ తల్లికి అంత దూరంలో, ఆ దేశంలో, ఎండుమిరపకాయలు ఎవరిస్తారు?

కుడిచేతి గుప్పిట్లో కల్లుప్పు, మిరపకాయలు పట్టుకుని టీవీ ముందుకు వచ్చి నిలబడ్డాను. నీలంటోపీ కుర్రాడు మళ్ళీ బంతి పట్టుకుని మైదానంలోకి వచ్చాడు. టీవీ చుట్టూ గుప్పిలి తిప్పడం మొదలుపెట్టాను. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంట్లో దిష్టి, వీధిలో దిష్టి...”

“ఏమే, అడ్డం తప్పుకో” అన్నారు మా ఆయన.

“మీరు మాట్లాడకండి. పిల్లాడి ప్రాణం మీదకొచ్చింది.”

టామ్ శ్రీధర్ చెవిలో గుసగుసగా అడిగాడు, ఆంటీ ఏం చేస్తోందని. “చెడ్డచూపు పడకుండా తీస్తోంది సార్, మా ఆచారం” అన్నాడు శ్రీధర్. వెంటనే టామ్ ముఖం వెలిగింది. గుండెమీద చెయ్యి వేసుకుని, కానివ్వమన్నట్టు నాకు తల ఊపాడు. అంత పెద్దమనిషి అంత భక్తిగా చూస్తుంటే నాకు ఒళ్ళు పొంగింది. శ్రీధర్ కాగితం మీద సంతకం పడిపోయినట్టే కనబడింది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? దిష్టి తీసేటప్పుడు ఎవరికి తీస్తున్నామో, ఏ గొప్ప చూసి పడిన దిష్టో పైకి చెప్పాలని మా అమ్మ నేర్పింది. చెప్పకపోతే అది ఎవరిదని పోతుంది? తెలుగులో చెబితే ఆ అమెరికా దిష్టికి అర్థం కాదని, నాకున్న నాలుగు ముక్కల ఇంగ్లీషూ కూడదీసుకుని గట్టిగా అన్నాను:

“దిస్ బాయ్ వెరీ గుడ్ బాయ్! నోబడీ హిట్! ఆల్ జీరో! ఫుల్ జీరో!”

టామ్ కుర్చీలోంచి లేచాడు. “నో, నో, నో” అంటూ రెండు చేతులూ చాచాడు. పాపం శ్రీధర్, నా ఇంగ్లీషు ఆయనకు అందలేదు కాబోలనుకున్నాడు. పై అధికారి దగ్గర మంచి మార్కులు కొట్టేసే సమయం కదా! గొంతు సవరించుకుని, చక్కటి ఇంగ్లీషులో, మాట మాట విడదీసి వివరించాడు: “సార్, ఆంటీ ఏమంటున్నారంటే, ఈ రోజు ఈ బౌలరును ఇంతవరకూ ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా కొట్టలేకపోయారని...”

నా వీపు వెనక టీవీలోంచి ‘ఠాప్’ మని చప్పుడు.

నేను పక్కకు తప్పుకున్నాను. బంతి ఆకాశంలో ఉంది. ఎర్రటోపీవాడు కర్ర పారేసి తీరుబడిగా పరుగెడుతున్నాడు. బంతి పోయిపోయి జనంలో ఎవరి ఒళ్ళోనో పడింది. క్యారొల్ సోఫాలో దిండు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది. దిండు నవ్వుకి అదిరదిరిపడుతోంది.

ఇంకా అయిపోలేదు. తీసిన దిష్టి చేతిలో ఉంచుకోకూడదు కదా. పోయి పొయ్యిమీద వేశాను. సీమమిరపకాయలేమో, ఒక్కసారిగా గుప్పుమంది. టామ్ దగ్గు, క్యారొల్ దగ్గు, శ్రీధర్ తుమ్ము. పక్క ఫ్లాటు మలయ్ పెద్దమ్మ, మేం మక్‌చిక్ అంటాం, తలుపు తీసుకుని వచ్చి, “ఏం మకాన్ వండుతున్నావే తల్లీ, యుద్ధానికా?” అంది.

మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగారు: “దిష్టి ఉంటే మిరపకాయల ఘాటు రాదంటావు కదే?”

“అవును.”

“ఇప్పుడు బ్లాకంతా దగ్గుతోంది.”

“అయితే?”

“అంటే దిష్టే లేదన్నమాట. మరి దేన్ని తీశావు?”

నేను పోయి కిటికీలన్నీ బార్లా తెరిచాను. టామ్ నీలంటోపీ చేత్తో పట్టుకుని, నీళ్ళు కారే ఎర్రటి కళ్ళతో లేచాడు. ఆ నీళ్ళు మిరపకాయలవో ఆటవో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. “థాంక్యూ ఆంటీ” అని మాత్రం అని, తలుపుకు తల కొట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం లత వచ్చింది. ఇల్లంతా వాసన, శ్రీధర్ తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్పాను. ఆ పిల్ల భుజంమీది సంచీ కింద పడేసింది.

“అమ్మా! యూ సెడ్ ఇట్? పైకి అన్నావా? కెనాట్ సే వన్ లా!”

“ఏటనకూడదు?”

“పిచ్చర్‌ని, ఐ మీన్ బౌలరుని, ఎవరూ కొట్టనప్పుడు ఆ మాటే ఎత్తకూడదు! టీమ్ కూడా అతనితో మాట్లాడదు, పక్కన కూర్చోదు. పేరు ఎత్తితే లక్కు పోతుంది. ఎవ్రీబడీ నోస్!”

అంటే ఆ తోటివాళ్ళు దూరంగా కూర్చున్నది కుళ్ళుతో కాదు, ప్రేమతో. టామ్ అట్టు తినకుండా బిగుసుకున్నదీ, మా ఆయన్ని కదలనివ్వనిదీ కోపంతో కాదు, భయంతో. వాళ్ళు తీసేదీ దిష్టే! వాళ్ళు నోరు మూసుకుని తీస్తారు, నేను నోరు తెరిచి తీశాను. ఎవరి ఆచారం వాళ్ళు చేసుకుంటే రెండూ మంచివే. ఒకే గదిలో ఒకే కుర్రాడికి రెండూ చేస్తే, ఇదిగో, బంతి పోయి జనంలో పడుతుంది.

“ఎర్రటోపీ ఆవిడ కూడా ఎందుకు నోరెత్తలేదే మరి?”

“శ్రీధర్ అంకుల్ చెప్పలేదా? కిందటేడు ఆఫీసులో ఒకసారి క్యారొల్ ఆంటీ అలా పైకి అనేసిందట, ఆమే నాతో చెప్పింది. టామ్ అంకుల్ వన్ మంత్ మాట్లాడలేదట. అప్పుడు ప్రామిస్ చేయించుకున్నాడు.”

“అదా సంగతి! ఏదో గొడవ అన్నారు గానీ నాకేం తెలుసు!” అని శ్రీధర్ మూలిగాడు. “ఆమె సమానమైన హోదా మనిషి ఆంటీ. ఆమెకే నెలరోజులు. నాకెంత?”

సోమవారం నేను అన్నం సరిగా తినలేదు. సాయంత్రం వాడు వచ్చాడు. “ఏమన్నాడు?” “ఏమీ అనలేదు.” మంగళవారం? “గదిలో తలుపేసుకున్నాడు.” బుధవారం వాడు పెట్టె మంచం కిందనుంచి తీసి దుమ్ము దులిపాడు. ఆ చప్పుడు వింటూ నేను చింతపండు పిసికాను, కూరలో వెయ్యడం మరిచిపోయాను. గురువారం ఉండబట్టలేక, “నేను ఆఫీసుకి వచ్చి ఆయన కాళ్ళు పట్టుకోనా?” అన్నాను. “వద్దు ఆంటీ, మీరు అక్కడ కూడా ఏదైనా తీస్తారు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ పెట్టెను మళ్ళీ మంచం కిందకు తొయ్యలేదు. శుక్రవారం వాడు ఆఫీసులోనే ఆలస్యమై, మేం పడుకున్నాక వచ్చాడు.

శనివారం ఉదయం గంట మోగింది. తలుపు తీస్తే టామ్. నీలంటోపీ, చేతిలో ప్లాస్టిక్ సంచీ. నేను నోరు తెరిస్తే ఏం ముంచుకొస్తుందోనని చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాను. ఆయన లోపలికి వచ్చి, సంచీ బల్లమీద పెట్టి, శ్రీధర్‌ని పిలిచాడు.

“శ్రీధర్, కాగితం పంపించాను. అక్టోబరు దాకా నువ్వు ఇక్కడే.”

శ్రీధర్ గోడ పట్టుకున్నాడు. నేను శ్రీధర్‌ని పట్టుకున్నాను.

“కోపం లేదా అని అడుగురా” అన్నాను మెల్లగా. వాడు అడిగాడు.

“ఉంది” అన్నాడు టామ్. “చచ్చేంత కోపం ఉంది. వారమంతా నిద్రలేదు. కానీ ఆలోచించాను. అంతమంది కర్రలు పట్టుకుని నిలబడి చెయ్యలేని పనిని ఆంటీ ఒక్క మాటతో చేసింది. అలాంటి మనిషి మన వైపు ఉండాలి. నువ్వు ఇల్లు ఖాళీ చేస్తే నేను ఏ ముఖంతో ఇక్కడికి వస్తాను? సీజను అక్టోబరు దాకా ఉంది.”

అని సంచీ విప్పాడు. కేజీ ఎండుమిరపకాయలు, రెండు ఉప్పు పొట్లాలు. టీవీ వైపు వేలు చూపించాడు. ఎర్రటోపీ బౌలరు బంతి రుద్దుకుంటున్నాడు.

“ఆంటీ, ఇవాళ ఈ అబ్బాయి చాలా బాగా వేస్తాడట. దయచేసి ఆ సంగతి కాస్త గట్టిగా చెప్పండి.”

నేను జవాబు వెతుక్కునేలోగా మళ్ళీ గంట మోగింది. క్యారొల్. ఎర్రటోపీ. ఆమె చేతిలోనూ సంచీ, అందులోవి, టామ్ మిరపకాయలు సిగ్గుతో తలవంచుకునేంత పొడుగువి.

“ఆంటీ, రేపటి ఆటలో నీలంటోపీల తరఫున మళ్ళీ ఆ కుర్రాడే...” అంది.

ఇద్దరూ నా ఉప్పుడబ్బాకు చెరోవైపు నిలబడ్డారు. మా ఆయన పేపరు మడిచి, “చూశావా, సింగపూరంతటికీ దిష్టి డిపో పెట్టేశావు” అన్నారు.

ఆనాడు స్టవ్ ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి చాచి నేను పెట్టుకున్న ఒట్టు ఇది, మీరంతా సాక్షులు. ఇక నా జన్మలో ఎవరు ఎంత బాగా ఆడినా, ఏ దేశంలో ఏ బంతితో ఆడినా, సున్నా కనబడినా నూరు కనబడినా, ఆ మాట నా నోట రాదు. టీవీలో ఏ తల్లి ఏడ్చినా నేను వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో నిలబడతాను. ఉప్పు పప్పులోకి, మిరపకాయలు పచ్చడిలోకి. ఆ రెండు సంచీల మిరపకాయలతో పెట్టిన ఆవకాయను టామ్, క్యారొల్ చెరి సగం తీసుకుపోయారు. ఆవకాయ ఎలా ఉందని నేను అడగలేదు. బాగుందని వాళ్ళూ అనలేదు.